జడయు బొమ్మరిల్లును

సూర్యాపేట జిల్లా దక్షిణపుటంచున, కృష్ణానదికి సమీపమున మఠంపల్లి కలదు. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగువరకు ఈ ప్రాంతము నల్లగొండ జిల్లాలోనిది. 1967వ సంవత్సరము ఆగస్టు నెలలో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ క్రింద ఈ సీమలోని మెట్టభూములు పెక్కులు మాగాణులైనవి. పంటలు పెరిగినవి, పంటలతోపాటు పనియు పెరిగినది. నాట్లు వేయు దినములలోను, మిరపకాయలు కోయు దినములలోను పల్లెలయందలి తల్లులు తెల్లవారకముందే పొలమునకు పోవుదురు. వంట ముందే చేసిపెట్టవచ్చును. నీరు ముందే తోడిపెట్టవచ్చును. బడికి పోవు కూతురికి జడ వేయుట మాత్రము ముందుగా చేసిపెట్టదగిన పని కాదు. ఆ పిల్ల నిద్రలేవవలెను, ఎదుట కూర్చుండవలెను, ఎవరో ఒకరు ఆమె కొరకు కొంతసేపు నిలువవలెను.

అట్టి దినములలో ఆ పని నాయనమ్మదియో, అక్కదియో అగుచుండును. తండ్రి వేసిన జడతో బడికి వచ్చు బాలికలును లేకపోలేదు. కావున జడ యల్లుట ఇంటిలో ఒక్కరికి మాత్రమే తెలిసిన విద్య కారాదు. అన్నము వండుట, బట్టలు ఉతుకుట వలెనే ఇదియు అందరును నేర్వదగిన పని. నేర్చుకొనుటకు మూడు దారపు పోగులు చాలును.

మూడు పోగుల కొనలను ముడివేసి కిటికీ ఊచకు కట్టవలెను. కుడివైపు పోగును నడిమిపోగు మీదుగా తెచ్చినచో అదియే నడిమిపోగగును. పిమ్మట ఎడమవైపు పోగును అట్లే నడిమికి తేవలెను. మరల కుడి, మరల ఎడమ. జడ యనగా ఇంతియే. ఎంత పొడవైన జడయైనను ఈ రెండు కదలికలు మరల మరల చేయుటవలననే ఏర్పడును. అయినను క్రొత్తగా నేర్చువారి జడ ఒకచోట లావుగాను, ఒకచోట సన్నముగాను ఉండును. పాయలు సమముగా లేకపోవుట మొదటి కారణము. చేతి బిగువు ఒకేరీతిగా లేకపోవుట రెండవ కారణము. ఈ బిగువు తెలియుటయే అల్లికలోని అసలు విద్య. సడలినచో జడ నిలువదు. మితిమీరి బిగించినచో జడ నిలుచును గాని తల నిలువదు.

తల నిలువదనుట హాస్యమునకు చెప్పిన మాట కాదు. మనుష్యుని తలపై సుమారు లక్ష వెంట్రుకలుండును. ఒక్కొక్క వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. దినమునకు 50 మొదలు 100 వరకు వెంట్రుకలు రాలుట సహజము. మనకు పైకి కనబడు వెంట్రుకలో ప్రాణము లేదు. దానిని కత్తిరించినను నొప్పి పుట్టదు. ప్రాణమున్నది చర్మములోపలి కుదురులో. జడను ప్రతిదినము నుదుటివద్దను, చెవులవద్దను చర్మము లాగుకొనిపోవునట్లు బిగించినచో ఆ కుదుళ్లు దెబ్బతినును. మొదట అచ్చట వెంట్రుకలు పలుచబడును. ఆ దశలో జడను వదులు చేసినచో అవి మరల మొలచును. ఏండ్ల తరబడి బిగింపు మానకున్నచో కుదుళ్లు పూర్తిగా చెడి, ఆ చోట మరల వెంట్రుకలు మొలవకపోవచ్చును. అందుచేత “నొప్పి పుట్టుచున్నది” అని పిల్ల యన్నపుడు “కదలకు” అని గద్దించుట తగదు. ఆ మాట విని చేయి సడలింపవలెను. చక్కగా వేసిన జడకు గుర్తు నున్నదనము మాత్రమే కాదు; దానిని వేయించుకొన్న పిల్ల కంట నీరు లేకపోవుటయు గుర్తే.

దువ్వుటకును ఒక పద్ధతి కలదు. చిక్కులను కుదురునుండి క్రిందికి లాగక, మొదట కొనలను దువ్వి క్రమముగా పైకి పోవలెను. తడిసిన వెంట్రుక సాగి సులభముగా తెగును. కావున తలంటి పోసుకొన్న పిమ్మట ఆరనిచ్చి జడ వేయవలెను. తలలో పేలున్నచో సిగ్గుపడ పనిలేదు. పేను ఎగురలేదు, దూకలేదు. ఒకరి తల మరియొకరి తలకు తగులుటచే ప్రాకి వచ్చును. శుభ్రముగానున్న తలకును అది రాగలదు. ఈరు పొదుగబడి పేనగుటకు ఏడు మొదలు పది దినములు పట్టును. కావున ఒక్క దినము పేలదువ్వెనతో దువ్వి ఊరకుండక, రెండు మూడు వారములపాటు విడువక దువ్వవలెను. తోటి బాలిక తల చింపిరిగా నున్నదని నవ్వువారు ఒక సంగతి మరువరాదు. ఆ తల కొరకు ఆ యుదయము ఇంటిలో ఎవరికిని తీరిక లేకపోయినదని మాత్రమే దాని యర్థము. నవ్వుటకంటె దువ్వెన తీసికొని ఆమె వెనుక కూర్చుండుట మేలు.

వయస్సును బట్టియు, వేళను బట్టియు జడలు మారుచుండును. వెంట్రుకలు అందని పసివారికి పిలకలు వేయుదురు. బడి పిల్లలకు నడిమి పాపిట తీసి, రెండు జడలల్లి, రిబ్బనులతో మడచి కట్టుదురు. ఆటలలో చెదరకుండుటకు ఇది యనువైనది. నాలుగు పాయల జడయు, ఐదు పాయల జడయు నేర్పరులు వేయునవి. నడినెత్తిన చిన్న పాయలతో మొదలిడి, ఇరుప్రక్కలనుండి కొంచెము కొంచెముగా వెంట్రుకలు చేర్చుచు అల్లు జడ తలకు అంటియుండును. పండుగలకును, పెండ్లిండ్లకును జడబిళ్ళలు, జడగంటలు, కుచ్చులు తోడగును. వేసవిలో మల్లెలు విరివిగా దొరకునపుడు వేయు పూలజడ వీనిలో మిక్కిలి ఓర్పు కోరునది. అరటిపట్టపైనో, అట్టపైనో మొగ్గలను వరుసగా కుట్టి, నడుమ కనకాంబరములు చేర్చి, దానిని జడకు కట్టుదురు. ఇంతటి శ్రమ మరునాటికి వాడిపోవును. అందుచేతనే పూర్వము పూలజడ వేసిన పిల్లను ఛాయాచిత్రశాలకు తీసికొనిపోయి, వెనుక నిలువుటద్దము నుంచి, ముఖమును జడయు ఒకే పటమున కనబడునట్లు తీయించెడివారు. అనేక గృహములలో అట్టి పటములు నేటికిని గోడల మీద కలవు.

జడ ఆడువారి యలంకారమని తలచువారు కూచిపూడి నాట్యమును తలచుకొనవలెను. సిద్ధేంద్రయోగి రచించెనని ప్రసిద్ధి గన్న భామాకలాపమున సత్యభామ ప్రవేశించునపుడు తెర వెనుక నిలిచి, తన జడను తెర మీదుగా సభవారికి చూపుట సంప్రదాయము. ఆ పాత్రను తరతరములుగా పురుషులే ధరించిరి. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామ వేషమునకు దేశమంతట పేరుగాంచి, 1970లో పద్మశ్రీ బిరుదము నందెను. తెలుగువారి పల్లెలలోని జడకోలాటమునందు మనుష్యులే పాయలగుదురు. పైనుండి వ్రేలాడు త్రాళ్లను ఒక్కొక్కరు పట్టుకొని, పాటకు అడుగు వేయుచు, ఒకరి క్రిందుగా ఒకరు, ఒకరి ప్రక్కగా ఒకరు సాగుదురు. త్రాళ్లు పైన జడగా అల్లుకొనును. తిరిగి వెనుకకు అడుగులు వేసినచో ఆ జడ విడిపోవును. ఒక్కరు అడుగు తప్పినచో అందరి త్రాళ్లును చిక్కుపడును. అచ్చట బిగువు చేతిలో మాత్రమే కాదు, తోటివారి అడుగులలోను ఉండును.

అల్లిక నేర్చిన చేయి తలతో ఆగదు. ఆ మూడు పాయలతోనే పిల్లల యాటచోటును అలంకరింపవచ్చును. ఆటకు ప్రత్యేకముగా గది యుండుట కొందరికే సాధ్యము. పిల్లలకు గది యక్కరలేదు. ఒక మూల చాలును. గుజ్జనగూళ్లు వండుకొను పిల్లలు అరుగు చివరను ఇల్లనుకొందురు, వేపచెట్టు నీడను ఊరనుకొందురు. ఆ మూలను వారిదిగా చేయుటయే పెద్దలు చేయవలసిన పని.

మొదట కూర్చుండుటకు ఒక చుట్టచాప కావలెను. పాతచీరను రెండంగుళముల వెడల్పు పేలికలుగా చించి, మూడింటిని కలిపి జడగా అల్లవలెను. పేలిక ముగిసినచోట మరియొకటి కుట్టి సాగింపవలెను. జడ పది పండ్రెండు గజములైన పిమ్మట దానిని నేలపై పరచి, నడిమినుండి చుట్టలు చుట్టుచు, అంచును అంచుతో కలిపి సూదితో కుట్టవలెను. ఇచ్చటను పూర్వము చెప్పిన ధర్మమే వర్తించును. కుట్టునపుడు మిక్కిలి బిగించినచో చాప అంచులు లేచి గిన్నె వలె నగును. మిక్కిలి వదలినచో అల వలె మడతలు పడును. సమమైన బిగువుతో కుట్టినది మాత్రమే నేలకు అంటి పడియుండును. అమ్మమ్మ చీరయు, అమ్మ చీరయు, అక్క లంగాయు ఒకే చాపలో కలసినపుడు దానిమీద కూర్చున్న పిల్ల ఏ రంగు ఎవరిదో చెప్పగలదు.

గోడకు తోరణము కావలెను. నిండిపోయిన నోటుపుస్తకముల కాగితములు ఇందులకు పనికివచ్చును. వానిని మూడు కోణముల ముక్కలుగా కత్తిరించి, పిండిని నీటిలో ఉడికించిన జిగురుతో దారమునకు అంటింపవచ్చును. రంగునకు పసుపునీరు చాలును. పసుపునీటిలో కొంచెము సున్నపుతేట కలిపినచో అది ఎఱ్ఱబారును. పెండ్లిండ్లలో పారాణి యగునది ఈ మార్పుచేతనే. ఒక్క పసుపుకొమ్ముతో రెండు రంగులు సిద్ధించును. సున్నము కంటికి హాని చేయును గనుక ఆ పని పెద్దల యెదుటనే చేయవలెను.

బొమ్మలకును బజారునకే పోవలసిన పనిలేదు. జొన్నబెండుతో బండియు, తాటిబుఱ్ఱలతో దాని చక్రములును, బంకమట్టితో ఎద్దులును చేయుట పల్లెపిల్లలు ఎరిగిన విద్యయే. కొబ్బరిచిప్పకు కన్నులు, మీసములు దిద్దినచో ముసలితాత యగును. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల చిత్రకారులు కొబ్బరిచిప్పలకు చింతగింజల పిండియు, రంపపుపొట్టును కలిపిన ముద్దను అద్ది, రంగులు దిద్ది, అందమైన ముఖములు తయారుచేయుదురు. కృష్ణానది దిగువను, విజయవాడకు సమీపముననున్న కొండపల్లి బొమ్మలవారి నేర్పును ఇట్టిదే. వారు తెల్లపొణికి యను తేలికైన కర్రతో అంగములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికించి, సున్నము పూసి, పిమ్మట రంగులు వేయుదురు. గీత కార్మికుడు, బండి తోలు రైతు, అంబారీతో ఏనుగు—ఊరిలో కనబడునవన్నియు వారి చేతిలో బొమ్మలైనవి. సంక్రాంతికిగాని, దసరాకుగాని బొమ్మలకొలువు పెట్టువారు బేసిసంఖ్యలో మెట్లు కట్టి, వానిపై ఇట్టి బొమ్మలను అమర్చుదురు. నేడు పొణికిచెట్లు తగ్గుటచేత ఆ కర్రకై శిల్పులు కష్టపడుచున్నారు. అంగడిలో కొను బొమ్మలలో ఒక్కటియైనను కొండపల్లిదో, నిర్మలుదో యైనచో ఒక కుటుంబపు పనిముట్టు మూలపడకుండును.

పసివారున్న ఇంట బొమ్మరిల్లు కట్టువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. గురివింద గింజలు చూచుటకు ముద్దుగా నుండును గాని, నమిలి మ్రింగినచో ప్రాణాపాయకరమైన విషము. వానిని అలంకారమునకు వాడరాదు. మూడేండ్ల లోపు పిల్లలకు పూసలు, చింతగింజలు వంటి చిన్న వస్తువులు అందరాదు. అవి గొంతున అడ్డుపడును. తోరణపు దారములు, రిబ్బనులు మెడకు చుట్టుకొనునంత క్రిందుగా వ్రేలాడరాదు. కుట్టు ముగిసిన వెంటనే సూదిని లెక్కచూచి తీయవలెను.

ఇన్నిటికిని అయిన ఖర్చు ఎంత? పాతచీర, వ్రాసిన కాగితము, పసుపు, మట్టి—ఇవి మిక్కిలి పేదయింటనైనను ఉండును. లేనిది తీరిక. ఆ తీరికను ఒక్కరే సంపాదింపవలెనన్నచో కష్టము. ఇంటిల్లిపాదియు పంచుకొన్నచో సులభము. అన్న జడ వేయుట నేర్చినచో తల్లికి అర్ధగంట మిగులును. ఆ అర్ధగంటలో ఆమె కూతురి ప్రక్కన కూర్చుండి రెండు పేలికలల్లును. తన తలపై మెత్తగా నడచిన చేతిని ఎరిగిన పిల్ల, రేపు తన చెల్లెలి తలపై చేయి వేయునపుడు ఎంత బిగింపవలెనో, ఎచ్చట సడలింపవలెనో ఎవరును చెప్పకయే తెలిసికొనును. విద్య యొక చేతినుండి మరియొక చేతికి పోవు మార్గము ఇదియే.