కర్మశాల నుంచి కదనరంగం దాకా

పాఠ్యభాగ ఉద్దేశం

గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలను అభ్యసించే ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికులు ఇంజనీరింగును తమ లక్ష్యంగా పెట్టుకొంటారు. ఆ చదువు వస్తూత్పత్తి రంగంలోను, రక్షణ రంగంలోను చూపే ఉపాధి మార్గాలను పరిచయం చేయటం, ఆ వృత్తులు మనిషి నుంచి కోరే గుణాన్ని గ్రహింపజేయటం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒక చిన్న గ్రామం. గోలకొండ రత్నాలకోసం విదేశీ వర్తకులు వచ్చినట్లే, ఒకప్పుడు ఈ గ్రామంలో లభించే ఉక్కుకోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మట్టి మూసలలో ఇనుమును కరిగించి ఇక్కడి కమ్మరులు తయారుచేసిన ఉక్కు దిమ్మలు పశ్చిమాసియాకు చేరి, లోకప్రసిద్ధి పొందిన డమాస్కస్ ఖడ్గాలుగా రూపొందాయి. ఆ వర్తకులు ఉక్కును తూచి, పరీక్షించి మరీ కొనేవారని 19వ శతాబ్దంలో వెలువడిన రచనల వల్ల తెలుస్తున్నది. ఖడ్గధారియైన వీరుని పరాక్రమాన్ని కవులు వేనోళ్ల పొగిడారు. ఆ ఖడ్గం విరగకుండా నిలిచిందంటే, కొలిమి ముందు కూర్చున్న ఒక కమ్మరి తన పనిని నిష్ఠతో చేశాడని అర్థం. కాని ఆ కమ్మరి పేరు మనకు తెలియదు.

కర్మశాలకు, కదనరంగానికి మధ్య ఉన్న ఈ బంధం తెలుగునాట తెగిపోలేదు. 1795లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాదులో ఫిరంగులు పోతపోసే కర్మాగారాన్ని నెలకొల్పాడు. ఆ ప్రాంతాన్ని నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పిలుస్తున్నారు. విశాఖపట్నంలో వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన నౌకానిర్మాణ కేంద్రానికి 1941లో డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ నిర్మితమైన 'జలఉష' అనే నౌకను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఆ సంస్థయే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు. 2010లో అది రక్షణ మంత్రిత్వశాఖ పరిధిలోకి వచ్చింది. అణుశక్తితో నడిచే జలాంతర్గామి 'అరిహంత్' 2009 జులై 26న జలప్రవేశం చేసినదీ విశాఖ తీరంలోనే.

హైదరాబాదు పరిసరాలలో రక్షణ రంగానికి సంబంధించిన పరిశోధన, ఉత్పత్తి సంస్థలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. క్షిపణులను రూపకల్పన చేసే రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల, వాటిని తయారుచేసే భారత్ డైనమిక్స్, ప్రత్యేకమైన ఉక్కును, టైటానియం మిశ్రమ లోహాలను ఉత్పత్తి చేసే మిధాని కంచన్‌బాగ్ ప్రాంతంలో ఇరుగుపొరుగున ఉన్నాయి. భారత్ డైనమిక్స్ 1970లోను, మిధాని 1973లోను ఏర్పడ్డాయి. ఒక సంస్థ ఆలోచనకు మరొక సంస్థ లోహాన్ని, ఇంకొక సంస్థ ఆకృతిని సమకూర్చటం ఇక్కడి విశేషం. ప్రైవేటు సంస్థలు కూడా ఈ రంగంలో ప్రవేశించాయి. హైదరాబాదు సమీపాన ఆదిభట్లలో 2018లో ప్రారంభమైన టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల దేహభాగాలు తయారవుతున్నాయి.

ఇట్టి సంస్థలలో ఇంజనీరు చేసే పని ఎటువంటిది? సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారాన్ని ఉదాహరణగా గ్రహించవచ్చు. 1980వ దశకంలో ఆయుధ కర్మాగారంగా మొదలైన ఈ సంస్థ, 2021 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణ తరువాత ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో భాగమైంది. పదాతిదళ సైనికులను యుద్ధభూమికి చేర్చే 'శరత్' అనే కవచ వాహనం ఇక్కడి ముఖ్య ఉత్పత్తి. వాహనాన్ని నడిపే ముగ్గురు, వెనుక భాగంలో ఏడుగురు, మొత్తం పదిమంది అందులో ప్రయాణిస్తారు. అది నేలమీదనే కాక నీటిమీద కూడా సాగిపోగలదు.

లోహపు పలకలను వెల్డింగుతో అతికి అటువంటి వాహనపు దేహాన్ని నిర్మిస్తారు. ఒక అతుకు లోపల వెంట్రుకవాసి చీలిక ఉన్నదనుకొందాం. పైన రంగు వేసిన తరువాత అది కంటికి కనిపించదు. చదునైన నేలమీద నడిచినంతకాలం ఏ ప్రమాదమూ తోచకపోవచ్చు. కాని లోహం అలసిపోతుంది. మళ్లీ మళ్లీ పడే ఒత్తిడికి చీలిక కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఒకనాడు ఏటి నడుమ ఆ అతుకు విడిపోతే, లోపల ఉన్న పదిమందికి వెల్డరు ఎవరో, తనిఖీ చేసిన ఇంజనీరు ఎవరో తెలియదు. వారు మాత్రం ఆ ఇద్దరినీ నమ్మి లోపల కూర్చున్నవారు.

ఈ కారణంచేతనే కీలకమైన అతుకులను ఎక్స్ కిరణాలతోను, అతిధ్వని తరంగాలతోను శోధిస్తారు. వస్తువును పగులగొట్టకుండానే అందులోని దోషాన్ని కనిపెట్టే ఈ విద్యకు 'అవిధ్వంసక పరీక్ష' అని పేరు. దోషం కనబడితే అతుకును తొలిచి, తిరిగి అతికి, తిరిగి పరీక్షిస్తారు. గడువు దగ్గర పడినవేళ 'ఈ ఒక్కదానికి ఏమవుతుందిలే' అనే మాట మనసులో మెదలటం సహజం. ఆ మాటను జయించటమే ఇంజనీరు ఎదుర్కొనే మొదటి యుద్ధం.

దీనికి చక్కని నిదర్శనం 'అగ్ని' క్షిపణి ప్రయోగం. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం నాయకత్వంలో 1983లో సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమం ఆరంభమైంది. దేశమంతా ఎదురుచూస్తున్న 'అగ్ని' తొలి ప్రయోగాన్ని 1989లో రెండుసార్లు ఆఖరి ఘడియలో నిలిపివేయవలసి వచ్చింది. పత్రికలు పరిహసించాయి. శాస్త్రజ్ఞులు మాత్రం లోపాలను వెదకి సరిదిద్దారు. 1989 మే 22న 'అగ్ని' నింగికెగసింది. ఆపవలసినప్పుడు ఆపగలగటం కూడా సామర్థ్యమేనని ఆ అనుభవం చాటింది. అనంతరకాలంలో హైదరాబాదులోని ప్రయోగశాలలో పనిచేసిన డాక్టర్ టెస్సీ థామస్ 'అగ్ని-4' ప్రాజెక్టుకు సారథ్యం వహించి, ఈ రంగం పురుషులకే పరిమితం కాదని నిరూపించారు.

ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థులకు ఈ రంగంలో ప్రవేశించటానికి పలు మార్గాలున్నాయి. సైనికోద్యోగాన్ని కోరుకొనేవారు కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే పరీక్ష ద్వారా ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో చేరవచ్చు. 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఈ పరీక్ష యువతులకు కూడా అందుబాటులోకి వచ్చింది. గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి, జె.ఇ.ఇ. మెయిన్ రాసినవారికోసం సైన్యంలో సాంకేతిక ప్రవేశ పథకం ఉన్నది. అందులో ఎంపికైనవారు సైనిక శిక్షణతోపాటు ఇంజనీరింగు పట్టాను కూడా పొందుతారు. ఇట్టిదే నౌకాదళంలో ఎళిమల నావికా అకాడమీ ద్వారా సాగే బి.టెక్. ప్రవేశం. ఇంజనీరింగు ముగించిన యువతీయువకులు షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా త్రివిధ దళాలలో చేరవచ్చు.

సైన్యంలో ఇంజనీర్ల బాధ్యతలు బహువిధాలు. వంతెనలు, రహదారులు నిర్మించేవారు కొందరు. సమాచార వ్యవస్థలను కాపాడేవారు కొందరు. ఆయుధాలను, వాహనాలను, రాడార్లను మరమ్మతు చేసేవారు మరికొందరు. ఈ చివరి విభాగానికి శిక్షణనిచ్చే ప్రముఖ కళాశాల సికింద్రాబాదులో ఉన్నది. హిమాలయాలలో 9 కిలోమీటర్లకు పైగా సాగే అటల్ సొరంగ మార్గం 2020లో ప్రారంభమైంది. దాని నిర్మాణ బాధ్యతను వహించినది సరిహద్దు రహదారుల సంస్థ.

వస్తూత్పత్తి రంగంలో ప్రవేశించటానికి పెద్ద పట్టాయే అవసరం లేదు. ఐ.టి.ఐ. చదివిన ఫిట్టరు, టర్నరు, వెల్డరు, పాలిటెక్నిక్ డిప్లొమా పొందిన పర్యవేక్షకుడు, బి.టెక్. చదివిన ఇంజనీరు ఒకే యంత్రం చుట్టూ పనిచేస్తారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం కర్మాగారాలలో భృతితో కూడిన శిక్షణ లభిస్తుంది. గేట్ వంటి పరీక్షలలో ప్రతిభ చూపినవారికి ప్రభుత్వరంగ సంస్థలలోను, రక్షణ పరిశోధన సంస్థలోను అవకాశాలుంటాయి. వయఃపరిమితి, అర్హతలు కాలానుగుణంగా మారుతుంటాయి కనుక అభ్యర్థులు ఆయా ప్రకటనలను స్వయంగా పరిశీలించుకోవాలి.

ఈ వృత్తులలోని కష్టాన్ని కూడా ముందుగా తెలుసుకోవటం మంచిది. కర్మాగారంలో వేడిమి, రొద, రాత్రి విధులు ఉంటాయి. చల్లని గదిలో కంప్యూటరు ముందు పనిచేసే స్నేహితుని తొలి జీతం ఎక్కువ కావచ్చు. సైన్యంలో చేరినవారు తరచు బదిలీలను, కుటుంబానికి దూరంగా గడిపే ఏళ్లను భరించాలి. ఇవి తెలిసి ఎంచుకొన్నవారే ఈ దారిలో నిలబడగలరు. పదిమంది ప్రాణాలకు తన పని ఆధారమైనదన్న తృప్తి వారికి దక్కే అదనపు వేతనం.

ఆయుధనిర్మాణం గురించి ఆలోచించే విద్యార్థికి ఒక సందేహం కలగవచ్చు. ఈ విద్య సంహారానికేనా? దీనికి హైదరాబాదులోనే ఒక సమాధానం ఉన్నది. క్షిపణుల కోసం తేలికైన, దృఢమైన సమ్మిశ్ర పదార్థాలు రూపొందాయి. పోలియో బారినపడిన పిల్లలు లోహపు కాలిపర్లను మోయలేక ఈడుస్తూ నడవటం ఒక ఆసుపత్రిలో కలాం దృష్టికి వచ్చింది. కిలోల బరువున్న ఆ ఉపకరణాలను శాస్త్రజ్ఞులు ఈ కొత్త పదార్థంతో కొన్ని వందల గ్రాములకు తగ్గించారు. తేలికపడిన కాళ్లతో పిల్లలు పరుగులు తీయటం చూసి వారి తల్లిదండ్రులు కంటతడిపెట్టారు. తన జీవితంలో అపార సంతోషాన్నిచ్చిన ఘట్టాలలో దానిని ఒకటిగా కలాం పలుమార్లు చెప్పుకొన్నారు.

సైనికుడు కూర్చున్న వాహనానికైనా, పసివాడు తొడుక్కున్న కాలిపరుకైనా నాణ్యతే ప్రాణం. అతుకు లోపలి నిజం అతికినవాడికి తెలుస్తుంది. దానిమీద ఆధారపడినవారికి అది తెలియవలసిన అవసరం రాకుండా చూడటమే ఇంజనీరు ధర్మం.

అర్థాలు

కదనరంగం : యుద్ధభూమి
మూస : లోహాన్ని కరిగించే పాత్ర
వేనోళ్ల : అనేక విధాలుగా
పదాతిదళం : కాలిబంట్ల సైన్యం
వెంట్రుకవాసి : అతి స్వల్పమైన
సారథ్యం : నాయకత్వం
భృతి : శిక్షణకాలంలో ఇచ్చే వేతనం

అభ్యాసం

1. కోనసముద్రం ఉక్కు ప్రాశస్త్యాన్ని వివరించండి.
2. 'శరత్' వాహనం ఉదాహరణగా నాణ్యత పరీక్షల ఆవశ్యకతను తెలపండి.
3. ఇంటర్మీడియట్ తరువాత సైన్యంలో సాంకేతికోద్యోగాలకు ఉన్న మార్గాలను పేర్కొనండి.
4. 'ఆపవలసినప్పుడు ఆపగలగటం కూడా సామర్థ్యమే' — సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. మీ ప్రాంతంలోని ఒక కర్మశాలను సందర్శించి, అక్కడ పనిచేసేవారితో మాట్లాడి, తెలుసుకొన్న విషయాలతో ఒక వ్యాసం రాయండి.