పెద్ద ఇల్లు – పరిమితమైన సొమ్ము

విశాలమైన ఇంటిని దైవప్రవక్త (స) మనిషి సౌభాగ్యాల్లో ఒకటిగా పేర్కొన్నారు. కనుక పిల్లలు ఎదిగిన కుటుంబం పెద్ద ఇల్లు, అదీ కొత్తది కావాలనుకుంటే ప్రాపంచిక వ్యామోహమని తప్పుపట్టలేం. చేతిలో సొమ్ము చాలనప్పుడే అసలు పరీక్ష. 20 లక్షల రుణం 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు తీసుకుంటే తిరిగి కట్టేది 43 లక్షలు దాటుతుంది. డబ్బు మాట అటుంచండి. వడ్డీని వదలని వారికి ఖుర్ఆన్ (2:279) చేసిన యుద్ధ హెచ్చరిక తెలిసి కూడా "ఇల్లు అవసరమే కదా!" అని మనం సరిపెట్టుకుంటున్నాం.

పెద్దది, కొత్తది, ఊరి నడిబొడ్డున ఉన్నది - ఈ మూడూ తక్కువ సొమ్ముకు ఒకేచోట దొరకవు. మేమైతే నడిబొడ్డునే వదులుకోమంటాం. మస్జిదు దూరమవుతుందని కొందరి బెంగ. మదీనాలో బనూ సలిమా తెగవారు ప్రవక్త మస్జిదు దగ్గరికి మారాలనుకుంటే, ఉన్నచోటే ఉండమనీ, వారి అడుగులు నమోదవుతాయనీ ఆయన (స) చెప్పారు. అయితే నడిచి వెళ్ళగలిగేంత దూరంలో మస్జిదు ఉందో లేదో మాత్రం చూసుకోండి.

ఫ్లాటు అయితే టేపుతో కొలవండి. మెట్లు, లిఫ్టు, నడవల వాటా కలిపి 1200 చదరపు అడుగులన్న ఫ్లాటు లోపల 900 కూడా ఉండకపోవచ్చు. కార్పెట్ ఏరియా ఎంతో అడగడానికి మొహమాటం వద్దు. 2016 నాటి రెరా చట్టం దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

తక్కువపడిన సొమ్ము బంధువుల దగ్గర ఖర్జె హసనాగా తీసుకుంటే గడువుతో సహా రాసుకోండి. ఖుర్ఆన్ (2:282) చెప్పిన పద్ధతి అదే. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకు అనుకున్న ఇళ్ళలోనే తరువాత మాటలు ఆగిపోవడం చూస్తున్నాం.