సమోవా పటం ముందు పెట్టుకుని

చిరంజీవి వైదేహికి,

సమోవా దీవుల మీద వ్యాసం మొదలుపెట్టానని, అట్లాసులో ఊళ్ల పేర్లకి నోరు తిరగడం లేదని రాశావు. ముందు ఆ చిక్కు తీరుద్దాం. వాళ్ల రాతలో ఇంగ్లిషు ‘జి’ కనిపించినచోట ‘ఙ’ పలకాలి. మనం అక్షరమాలలో బట్టీపట్టి వదిలేసిన ఆ అక్షరానికి అక్కడ రోజంతా పనే. పాగో పాగో అనకు, పాంగో పాంగో అను.

ఆ పాంగో పాంగో అమెరికా వాళ్ల కింద ఉంది. 1899లో జర్మనీ, అమెరికా, బ్రిటన్ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. పడమటి దీవులు జర్మనీకి, తూర్పువి అమెరికాకి పోయాయి. దీవులవాళ్లని అడిగినవాళ్లు లేరు. పడమటి సగం 1914లో న్యూజిలాండ్ చేతికి వచ్చి, 1962 జనవరి 1న స్వతంత్ర దేశమైంది. ఆ దేశం వ్యాపార సౌకర్యం కోసం 2011లో దినరేఖకు ఇవతలి వైపు మారింది. ఆ ఏడు వాళ్లకి డిసెంబర్ 30 లేనే లేదు. ఇవాళ ఉపోలు దీవిలో ఆదివారం చర్చి గంట కొడుతుంటే, పక్కనే అమెరికా కిందున్న తుతుయిలా దీవిలో ఇంకా శనివారమే. డిసెంబర్ 30న పుట్టినవాళ్లు ఆ ఏడాది ఏం చేశారో నన్నడగకు.

ఇక పేర్లు. మన ఊళ్ల పేర్లలో కుంట, పల్లె ఉన్నట్టే అక్కడా ముక్కలుంటాయి. ‘వై’ నీళ్లు: వైలిమా, వైసాలా. ‘ఫలే’ ఇల్లు. ‘సా’ ఫలానావాళ్ల వంశం: సఫునె. అన్నిటికన్నా పనికొచ్చేవి ‘తాయ్’, ‘ఉతా’. సముద్రం వైపు, లోపలి వైపు అని. ఉపోలులో ఫసితోఓ-తాయ్, ఫసితోఓ-ఉతా అని రెండు ఊళ్లున్నాయి, వెతికి చూడు.

ఊళ్లు ఎక్కువగా తీరాన్నే ఎందుకున్నాయో సవాయి దీవి చూస్తే తెలుస్తుంది. అన్నిటిలోకీ పెద్దది, సిలిసిలి శిఖరం 1,858 మీటర్లు. వాన బాగానే కురుస్తుంది గానీ లావా రాయి నీటిని మింగేస్తుంది. ఆ ఊట మళ్లీ ఒడ్డు దగ్గర పైకి వస్తుంది. చేపలూ అక్కడే. 1905 నుంచి 1911 దాకా మతవాను అగ్నిపర్వతం ఉత్తర తీరపు ఊళ్లను కప్పేసింది. సలేఅవులాలో లావా చర్చి గుమ్మంలోంచే లోపలికొచ్చింది. గోడలు నిలిచాయి. కప్పు రేకు కూలి, చల్లారిన రాతి మీద దాని మడతలు అచ్చుపడ్డాయి.

ఊరి లోపల ఏముంటుందో రాయకపోతే నీ వ్యాసం ఒట్టి పటమే. మధ్యలో ‘మలయె’ అనే ఖాళీ మైదానం, చుట్టూ గోడల్లేని ఇళ్లు: గుంజలు, పైన కప్పు. వానొస్తే కొబ్బరాకుల తడికెలు దించుకుంటారు. కుటుంబ పెద్దలైన ‘మతాయ్’లు సభ తీరితే, ఎవరు ఏ గుంజకు ఆనుకోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఇంటి గుండ్రని రెండు కొసల్లో దొరలు, ముందు వరసలో ఊరి తరఫున మాట్లాడే వక్తలు. కొత్తగా వచ్చినవాడు ఏ గుంజ దగ్గర కూర్చున్నాడో చూస్తే చాలు, హోదా అర్థమైపోతుంది. మతాయ్ పేరు పెద్ద కొడుక్కే రావాలని లేదు. కుటుంబమంతా కూర్చుని ఎంచుతుంది. భూమిలో సుమారు 80 శాతం ఇలాంటి కుటుంబాల ఉమ్మడి సొత్తు, అమ్మడానికి లేదు. చాలా ఇళ్ల ముందు పెద్దల సమాధులు కనిపించేది కూడా అందుకే: ఈ నేల ఎవరిదో అవే చెబుతాయి. 1990 దాకా పార్లమెంటుకు ఓటు వేసింది దాదాపుగా మతాయ్‌లే. ఇప్పుడు అందరికీ ఓటుంది, పోటీ చేయాలంటే మాత్రం మతాయ్ అయి ఉండాలి. ఈ పద్ధతిని ‘వెనకబాటు’ అని ఒక్కమాటతో కొట్టేయకు. భూమి చేజారకుండా ఉండటం చిన్న విషయం కాదు.

పటం నువ్వే గీయి. ఉపోలు దక్షిణ తీరాన సలేఅపాంగా అనే ఊరు తప్పకుండా గుర్తించు. 2009 సెప్టెంబర్ 29 సునామీ తర్వాత అక్కడివాళ్లలో చాలామంది ‘తాయ్’ వదిలి ‘ఉతా’కి, కొండ మీదికి ఇళ్లు మార్చుకున్నారు. ఆ ఒక్క ఊరికి రెండు చుక్కలు పెట్టు.

ఇట్లు,
తాతయ్య