మొదటి గుక్కకు ముందే

నిగ్రహం అంటే ఏమిటని అడిగితే చాలామంది ఒకే జవాబు చెబుతారు. రెండు గ్లాసులయ్యాక మూడోది వద్దనగలగడం. అలా అనగలిగినవాళ్లను మెచ్చుకోవాల్సిందే, కానీ వాళ్లు అరుదు. కారణం తెలిసిందే. మద్యం కాళ్ల కంటే ముందు తాకేది ‘ఇక చాలు’ అని చెప్పే వివేకాన్ని. ఆ వివేకం మసకబారాక దాన్నే తీర్పు చెప్పమంటే ఏం చెబుతుంది? ఇంకొకటి పోయమంటుంది.

అందుకే నిగ్రహానికి సరైన వేళ మొదటి గుక్కకు ముందే. ఈ మాటను అభ్యాసంలో పెట్టడానికి ఒక వంటింటి పని చెబుతాను: నిమ్మ, పుదీనా, బీరు కలిపి ఇంట్లో మార్గరీటా చేసుకోవడం. వ్యక్తిత్వ వికాసానికి మందుతో పనేమిటని కొందరికి కోపం రావచ్చు. తాగనివారిని తాగమనడం నా ఉద్దేశం కాదు. ఏ కొంచెమైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే తేల్చి చెప్పింది. అయినా తాగే ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలో దాచుకుని, తొందరపడి, లెక్క లేకుండా తాగడం ఉంది. ఈ వ్యాసం ఆ లెక్క లేనితనం గురించి.

నిమ్‌పురా పాఠం

పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా అనే పేటకు వెళ్తే తెలుగు వినడానికి వెతుక్కోనక్కర్లేదు. 1887లో మొదలైన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని రైల్వే పట్నంగా మార్చింది. వర్క్‌షాపులోనూ యార్డులోనూ పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే తరాలుగా పాతుకుపోయాయి. రైల్వే ఇళ్లలో సాయంత్రం అందరికీ ఒకే వేళకు రాదు. నైట్ డ్యూటీ దిగినవాడికి పొద్దున్నే సాయంత్రం. పక్క క్వార్టర్‌లో పెళ్లి విందు జరుగుతున్నా, తెల్లారి నాలుగింటికి డ్యూటీ ఉన్నవాడు గ్లాసు వైపు చూడడానికి ముందు గడియారం చూడాలి. లోకో పైలట్లు డ్యూటీలో చేరేటప్పుడు బ్రెత్ ఎనలైజర్ గొట్టంలో ఊదాలి. రాత్రి మోతాదు దాటితే తెల్లారి ఉద్యోగం మీదికి వస్తుంది.

ఆ పట్టాల మీదే ఒక గొప్ప సూత్రం రోజూ పనిచేస్తోంది. దాన్ని ఇంటర్‌లాకింగ్ అంటారు. బండి వెళ్లాల్సిన దారిలో పాయింట్లన్నీ సరిగ్గా కుదిరి, తాళం పడ్డాకే సిగ్నల్ దిగుతుంది. ముందు సిగ్నల్ ఇచ్చేసి, బండి వస్తుండగా దారి చూసుకుందామంటే ఆ వ్యవస్థ ఒప్పుకోదు. ఖరగ్‌పూర్‌లో 2017 నవంబరులో అమర్చిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ దాదాపు 800 మార్గాలను ఇలాగే కాపలా కాస్తుంది. అక్కడ పనిచేసేవాళ్ల మంచితనాన్నో, ఆ క్షణంలో వాళ్లకున్న ఏకాగ్రతనో మాత్రమే నమ్ముకుంటే ప్రమాదమని రైల్వేకి తెలుసు. అందుకే తప్పు చేయడానికి వీల్లేని ఏర్పాటును ముందే చేసి పెట్టుకుంది. మన అలవాట్లకూ కావలసింది ఇదే. ముందు దారి ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే సిగ్నల్.

గ్లాసులో ఏముంది?

దారి ఖాయం చేయాలంటే ముందు అసలు సంగతి తెలియాలి. మార్గరీటా మెక్సికో వైపు నుంచి వచ్చిన పానీయం. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత ప్రకారం అందులో 50 మి.లీ. టెకీలా, 20 మి.లీ. నారింజ లిక్కర్, 15 మి.లీ. నిమ్మరసం, గ్లాసు అంచున ఉప్పు ఉంటాయి. ఇంటి వాడకంలో దానికి బీరు జోడిస్తే ఘాటు తగ్గి, నురగతో చల్లగా దిగుతుంది. వేసవిలో ఇది నిమ్మ షర్బత్ లాగే ఉంటుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. పులుపు, తీపి, చల్లదనం కలిసి ఆల్కహాల్ రుచిని దాచేస్తాయి. నాలుక మోసపోయినా కాలేయం మోసపోదు.

ఒకసారి లెక్క కడదాం. ఒక గ్లాసులో 42.8 శాతం స్పిరిట్ 30 మి.లీ., 5 శాతం బీరు 165 మి.లీ. పోశామనుకోండి. మొదటిదాంట్లో దాదాపు 12.8 మి.లీ., రెండోదాంట్లో 8.25 మి.లీ. శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. మొత్తం 21 మి.లీ., బరువులో 16 గ్రాముల పైచిలుకు. 60 మి.లీ. విస్కీ, అంటే మనవాళ్లు ‘లార్జ్’ అనేదాంట్లో ఉండేది సుమారు 20 గ్రాములు. అంటే షర్బత్‌లా కనిపించే ఈ గ్లాసు ఒక లార్జ్‌లో ఐదింట నాలుగు వంతులను మించిపోయింది. అదే 5 శాతం బీరు బదులు 8 శాతం స్ట్రాంగ్ బీరు పోస్తే పూర్తి లార్జ్ అయిపోతుంది. కాలేయం గంటకు కరిగించగలిగేది సుమారు 7 నుంచి 10 గ్రాములే. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఏవీ దాని వేగాన్ని పెంచవు. ఒక గ్లాసుకే రెండు గంటలు పడితే, నాలుగు గ్లాసులు తాగినవాడి ఒంట్లో తెల్లవారినా అది మిగిలే ఉంటుంది.

ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకున్నవాడు ఇక ‘బీరేగా’ అనలేడు. ఎదుగుదలలో మొదటి మెట్టు ఇదే. మనం చేస్తున్న పని పేరు కాక, పరిమాణం తెలియాలి.

తీరిగ్గా కలిపే పద్ధతి

ఇద్దరికి సరిపడా చేద్దాం. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో కూరగాయలతో పాటే గంధరాజ్ నిమ్మకాయ ఒకటి తెచ్చుకోండి. బెంగాలీలు పప్పన్నంలో పిండుకునే కోలకాయ ఇది. రసం తక్కువ, తొక్కలో పరిమళం మాత్రం గదినిండా వస్తుంది. రసానికి మామూలు కాగజీ నిమ్మకాయలు మూడో నాలుగో చాలు. నారింజ లిక్కర్ కొనక్కర్లేదు, సగం నారింజ తొక్క దాని పని చేస్తుంది.

గంధరాజ్ తొక్కనూ నారింజ తొక్కనూ పైపైన తురమండి. కింది తెల్లపొర తగిలితే చేదు వస్తుంది. ఆ తురుమును రెండు పెద్ద చెంచాల పంచదారలో వేసి వేళ్లతో నలిపి అరగంట వదిలేయండి. తొక్కలోని నూనెలను పంచదార లాగేసుకుని తడితడిగా అవుతుంది. అందులో 60 మి.లీ. నిమ్మరసం పోసి, కరిగాక వడకట్టండి. ఈ అరగంటను తప్పించుకునే దారి వెతకొద్దు. డ్యూటీ దిగి వచ్చిన దాహాన్ని ముందు మంచినీళ్లతో, ఆకలిని ఏ గుగ్గిళ్లతోనో తీర్చుకోవడానికి దొరికిన సమయం అది. ఆకలినీ దాహాన్నీ మద్యంతో తీర్చబోయేవాడే ఎక్కువ తాగుతాడు.

పుదీనా ఎనిమిది పది ఆకులు చాలు. రోట్లో నూరకండి, పచ్చి పసరు దిగి చేదెక్కుతుంది. రెండు అరచేతుల మధ్య ఒక్కసారి చప్పట్లా చరిస్తే వాసన విడుస్తుంది. నిమ్మగడ్డి దొరికితే ఒక కాడ చితక్కొట్టి వేయండి. కొత్తిమీర కాడలూ బాగుంటాయి. తులసిని మాత్రం కోటలోనే ఉండనివ్వండి. మందు గ్లాసులో ఆ ఆకు చూస్తే పెద్దవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, వాళ్లను నొప్పించి సంపాదించే రుచి మనకొద్దు.

ఉప్పులో కాస్త నల్లుప్పు, వేయించిన జీలకర్ర పొడి కలపండి. గ్లాసు అంచును నిమ్మచెక్కతో సగం వరకే తడిపి ఉప్పులో అద్దండి. ఉప్పు చేదును అణచి పులుపును తేలుస్తుంది. రెండో సగం ఉప్పులేకుండా ఉంటే తాగేవాళ్లు తమకు నచ్చిన వైపు తిప్పుకుంటారు.

ఇప్పుడు కొలత. స్పిరిట్‌ను సీసా వంచి అంచనాగా పోయకండి. దగ్గు మందు సీసా మీద గీతలున్న మూత ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. శుభ్రంగా కడిగి దానితో కొలవండి, గ్లాసుకు 30 మి.లీ. దాని మీద నిమ్మ పాకం, పెద్ద మంచు ముక్కలు, పుదీనా వేసి కలపాలి. చివర్లో గ్లాసును వంచి 330 మి.లీ. చిన్న బీరును రెండింట్లోకి సమంగా పంచండి. బీరు పడ్డాక గిలక్కొట్టకూడదు, పొంగి నురగ తప్ప ఏమీ మిగలదు.

చిన్న బీరే ఎందుకంటే, 650 మి.లీ. సీసా తెరిస్తే సగం మిగిలిపోతుంది. మిగిలినదాన్ని పారబోయడానికి మన మధ్యతరగతి చేయి రాదు. డబ్బు వృథా కాకూడదన్న మంచి గుణమే మనచేత రెండో గ్లాసు తాగిస్తుంది. కాబట్టి ఈ పోరాటాన్ని ఇంట్లో గ్లాసు ముందు కూర్చుని చేయడం కన్నా దుకాణం దగ్గరే ముగించుకోవడం తేలిక. చిన్నది కొన్న క్షణంలోనే మీరు గెలిచేశారు.

కిత్తనార వెంట వెళ్లిన ఇంజినీరు

ఇంట్లో మార్గరీటా కలపబోయి ఒక పరిశ్రమనే పెట్టిన మనిషి ఒకాయన ఉన్నారు. డెస్మండ్ నజరెత్ అనే ఇంజినీరు అమెరికా నుంచి తిరిగొచ్చాక, 2000 ప్రాంతంలో, మిత్రులకు మార్గరీటా ఇద్దామంటే తగిన టెకీలా దొరకలేదు. ఇంకెవరైనా అయితే ఓ మాట విసుక్కుని విస్కీ పోసేవారు. ఆయన టెకీలా దేనితో చేస్తారో చదవడం మొదలుపెట్టారు. మెక్సికోలో పండే అగేవ్ మొక్క దానికి మూలం. దాని బంధువు మన దక్కన్ పీఠభూమిలో రైలు కట్టల పక్కన, పొలాల గట్ల మీద కంచెగా ముళ్లు విప్పుకుని నిలబడి ఉంది. మనం కిత్తనార అంటాం. పశువులు దాటకుండా నాటడం, నార తీయడం తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఏళ్ల తరబడి పరిశోధించి ఆయన చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ పెట్టారు. 2011లో ‘డెస్మండ్‌జీ’ పేరుతో అగేవ్ స్పిరిట్‌ను అమ్మకానికి తెచ్చారు. టెకీలా అనే పేరు మెక్సికోకే చెందుతుంది గనుక ఆ పేరు వాడలేదు. అగేవ్ పక్వానికి రావడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. అలాంటి మొక్కను నమ్ముకున్నవాడికి తొందర పనికిరాదు.

ఆయన వ్యాపారాన్ని మెచ్చుకోమని ఈ కథ చెప్పడం లేదు. గ్లాసు ముందు ఇద్దరు మనుషులు ఉంటారు. ‘ఇంకెంత ఉంది?’ అని అడిగేవాడు ఒకడు, ‘ఇందులో ఏముంది?’ అని అడిగేవాడు ఇంకొకడు. రెండో ప్రశ్న గొంతు తడవకముందే పుడుతుంది, ఒక్కోసారి జీవితాన్నే మారుస్తుంది.

విందు పెట్టేవాడి పరీక్ష

ఒంటరిగా కొలత పాటించడం ఒక ఎత్తు, చుట్టాల మధ్య పాటించడం ఇంకో ఎత్తు. మనలో మర్యాద అంటే బలవంతపెట్టడమే. విస్తరిలో అన్నం వద్దంటున్నా వడ్డించే చేతులు గ్లాసు దగ్గరా ఆగవు. నిమ్‌పురాలో ఏ పండగనాటి రాత్రో బావమరిది ఖాళీ గ్లాసు ఊపుతాడు.

“ఏటి బావా, ఇంకోటి ఎయ్యవా?”

“అయిపోనాది బావా. నిమ్మనీళ్లు కావాలంటే గిన్నెడున్నాయి. మీ అక్క అన్నం వడ్డించేస్తంది, లే.”

ఈ జవాబులో ఉపదేశం లేదు, అవమానం లేదు. ఇంట్లో నిజంగానే ఇంకో సీసా లేదు కాబట్టి అబద్ధమూ లేదు. సీసా అల్మరాలో ఉంచుకుని లేదనడం, అందరూ చూస్తుండగా వద్దని వాదించడం, రెండూ కష్టమే. ముందే తక్కువ తెచ్చినవాడికి ఆ రెండు కష్టాలూ లేవు. వేళ కూడా ముందే చెప్పేయండి, ఇన్నింటికి భోజనం అని. ఆ మాట ఇంటావిడకు ముందే తెలిస్తే ఆమె రాత్రంతా కాపలా కాయక్కర్లేదు.

ఇక తాగనివాళ్ల గ్లాసు సంగతి. పాకం అదే, పుదీనా అదే, ఉప్పు అంచూ అదే. స్పిరిట్ బదులు చెంచాడు అల్లం రసం, బీరు బదులు సోడా. అదే గ్లాసులో, అందరికన్నా ముందు వాళ్లకే ఇవ్వండి. తాగనివాడికి ఏదో సీసాలో మిగిలిన కూల్‌డ్రింకు ప్లాస్టిక్ కప్పులో పోసిచ్చే ఇంట్లో, తాగడమే మగతనమని పిల్లలు నేర్చుకుంటారు. పశ్చిమ బెంగాల్లోనూ మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. కాలేజీ కుర్రాడికీ ఈ సోడా గ్లాసే. మందులు వాడుతున్నవారికి, గర్భిణులకు, బండి నడపాల్సినవారికి కూడా ఇదే.

రాసుకోవలసిన మూడు జవాబులు

సీసా మూత తీయకముందు మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాయండి. ఎంత? ఎప్పటివరకు? రేపు పొద్దున్నే నేను ఎక్కడ ఉండాలి? మనసులో అనుకుంటే చాలదు, అనుకున్నది మనసు మార్చేస్తుంది. రాసిందాన్ని ఇంట్లో ఒకరికి చూపించండి. మర్నాడు రాసినదీ జరిగిందీ పక్కపక్కన పెట్టుకోండి. రెండూ కలిస్తే మీ మాట మీద మీకే నమ్మకం పెరుగుతుంది. ఆత్మవిశ్వాసం సభల్లో చప్పట్ల వల్ల కన్నా, తనకు తాను ఇచ్చుకున్న చిన్న మాటలు నిలబెట్టుకోవడం వల్లే ఎక్కువగా పెరుగుతుంది.

రాసింది ప్రతిసారీ దాటిపోతున్నారా? అప్పుడు కొలత మార్చి లాభం లేదు, మానేయడమే మార్గం. ఒంటరిగా చేతకాకపోతే సిగ్గుపడొద్దు. ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446 ఉంది, వైద్యులున్నారు. రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు కాబట్టి డాక్టరు సలహాతోనే ఆపాలి. సాయం అడగడం కూడా ముందే తీసుకోవాల్సిన నిర్ణయమే.

ఈ అలవాటు గ్లాసు దగ్గర ఆగదు. జీతం పడకముందే పొదుపు ఎంతో తేల్చుకున్నవాడు నెలాఖరుకి చేయి చాచడు. పడుకునే గదిలోకి ఫోను తీసుకెళ్లకూడదని సాయంత్రమే నిశ్చయించుకున్నవాడు అర్ధరాత్రి దానితో కుస్తీ పట్టడు. కోపం వస్తే ఏ మాట అనకూడదో ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయించుకున్న భార్యాభర్తలు, గొడవపడ్డా ఆ ఒక్క మాట జోలికి పోరు. వీళ్లెవరికీ మనకన్నా ఎక్కువ మనోబలం లేదు. ఉన్న కొంచెం బలాన్ని అది బాగా పనిచేసే వేళలో వాడుకున్నారు, అంతే. ఈ ఆదివారం మీ ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే, సంచి పట్టుకుని బజారుకు బయల్దేరే ముందే ఆ మూడు జవాబులూ రాసేయండి.