టెలివిజను బొమ్మ చెదరినపుడు: మిద్దెమీది యాంటెన్నాను గూర్చి యొక పాఠము

1977వ సంవత్సరమున హైదరాబాదులో టెలివిజను కేంద్రము వెలసినది. 1980 దాటిన పిమ్మట పలు పట్టణములలో చిన్న ప్రసార స్తంభములు లేచుటచే, మిద్దెలమీద అల్యూమినియపు కడ్డీల యాంటెన్నాలు కొబ్బరిచెట్లతో పోటీపడి నిలిచినవి. సినిమా వేయు సాయంకాలము మా యింట జరిగిన తంతు చదువరులలో పెద్దలకు జ్ఞప్తికి రాకమానదు. అన్న మిద్దెపైన, చెల్లెలు గుమ్మమున, తక్కినవారము పెట్టె యెదుట.

"వచ్చిందా?"

"రాలేదన్నయ్యా, ఇంకొంచెం తిప్పు!"

"ఇప్పుడో?"

"అయ్యో, ఉన్నదీ పోయింది!"

ఆ కేకలలో నొక లోపము కలదు. బొమ్మ వచ్చినదా, పోయినదా యని యడిగితిమే కాని, యెట్లు చెడినదని యెవరమును అడుగమైతిమి. దగ్గో జ్వరమో విచారింపక వైద్యుడు మందీయడు గదా! బొమ్మ చెడు రీతులు వేరువేరు. ఒక్కొక్క రీతి యొక్కొక్క కారణమును జూపును.

ముందుగా ఆ కడ్డీల సంగతి తెలిసికొందము. జపాను దేశమున సెండాయి నగరమందలి విశ్వవిద్యాలయములో షింటారో ఉదా, హిదెత్సుగు యాగి యనువారు 1926 ప్రాంతమున ఈ యమరికను లోకమునకు దెలిపిరి. నడుమనున్న మడత కడ్డీయే తరంగమును గ్రహించి తీగకిచ్చునది. వెనుకనున్న పొడుగు కడ్డీ తరంగమును మరల ముందునకు ద్రోయును; ముందున్న పొట్టి కడ్డీలు దానిని లోనికి నడిపించును. గ్రహించు కడ్డీ, తరంగపు పొడవులో నించుమించు సగముండవలెను. సెకనుకు 20 కోట్ల కంపనములు గల తరంగము పొడవు ఒకటిన్నర మీటరు. కనుక కడ్డీ ముప్పాతిక మీటరు. కంపనములు 6 కోట్లే యైనచో కడ్డీ రెండున్నర మీటర్లు కావలెను. ఒక యూరి ఛానలునకు గొన్న యాంటెన్నా మరియొక యూర పనికిరాకపోవుటకు హేతువిదియే. దాని నెంత త్రిప్పినను ఫలము లేదు.

బొమ్మయంతయు చుక్కలు నిండి, మాట బుసబుసలాడినచో తరంగము బలము చాలలేదని యర్థము. ఈ తరంగములు దాదాపు కంటిచూపువలె తిన్నగా పోవునవి; భూమి గుండ్రముగా నుండుటచే దూరపు గ్రామములు వాని చాటున బడును. 100 మీటర్ల స్తంభమునుండి వెడలినవి సుమారు 41 కిలోమీటర్ల వరకు నేలకందును. మన యాంటెన్నా 4 మీటర్ల యెత్తుననున్నచో ఆ దూరమునకు 8 కిలోమీటర్లు, 9 మీటర్ల యెత్తుననున్నచో 12 కిలోమీటర్లు చేరును. దూరపు గ్రామమువారికి గడ పొడిగించుట యిందుచేతనే మేలు.

బొమ్మకు కుడిప్రక్కను నీడవంటి మరియొక బొమ్మ కానవచ్చిన, అది వేరు జబ్బు. తరంగము తిన్నగా వచ్చుటయే కాక, కొండకో పెద్ద భవనమునకో తగిలి చుట్టుదారినిగూడ వచ్చి, కొంచెము వెనుకబడి చేరుచున్నదన్నమాట. విద్యార్థులకిచ్చట మంచి లెక్క దొరకును. ఆనాటి మన దేశపు పద్ధతిలో ఒక గీత కనబడు భాగమును గీయుటకు 52 మైక్రోసెకండ్లు పట్టును; మైక్రోసెకండనగా సెకనులో పదిలక్షలవ వంతు. తెర వెడల్పు 40 సెంటీమీటర్లయి, నీడ 1 సెంటీమీటరు జరిగినచో ఆలస్యము 1.3 మైక్రోసెకండ్లు. ఒక్క మైక్రోసెకండులో తరంగము 300 మీటర్లు పోవును గనుక, నీడను దెచ్చినది 390 మీటర్లు అధికముగా నడచినది. ఆ కొండ మన యింటికి సరిగా వెనుకనున్నచో పోకకు సగము, రాకకు సగము. అనగా 195 మీటర్ల దూరమున నున్నదని కుర్చీలో గూర్చుండియే చెప్పవచ్చును! ఈ లెక్క తెలిసిన నాటినుండి మాకు నీడబొమ్మపై కోపము తగ్గినది. గడ యెత్తుట దీనికి మందు కాదు. ఆ దిక్కునుండి వచ్చునది తక్కువగా సోకునట్లు యాంటెన్నాను కొద్దికొద్దిగా త్రిప్పి నిలుపవలెను. కడ్డీలెక్కువ గల యాంటెన్నా యిందుకు శ్రేష్ఠము.

వీథిలో స్కూటరు పోవునపుడు మాత్రము చుక్కల వరుసలు పరుగెత్తినచో దోషము మనది కాదు. పొరుగింట గూడ బొమ్మ లేనియెడల మిద్దె యెక్కనే అక్కరలేదు.

ఒకటి మాత్రము సిగ్గుతో చెప్పుకొనవలసియున్నది. ఒక వానకాలమున బొమ్మ క్షీణింపగా, మేము బూస్టరు కొనితెచ్చి పెట్టె ప్రక్కనే తగిలించితిమి. బొమ్మతోపాటు చుక్కలును పెరిగినవి. ఏది బొమ్మయో యేది చుక్కయో బూస్టరునకు తెలియదు. తనకు జేరిన దెల్లను పెంచును. తీగలో బలము హరించిపోకమునుపే, పైకొసను, యాంటెన్నాకడనే దాని నుంచవలెను. తుదకు మిద్దె యెక్కి చూడగా, అతుకులోనికి వాననీరు దిగి రాగితీగ పచ్చని చిలుము పట్టియుండెను. కొసను గోసి, క్రొత్త రాగిని మరలక్రింద బిగించి, టేపు చుట్టితిమి. బొమ్మ వచ్చెను, బూస్టరునకు బోసిన సొమ్ము రాలేదు. అప్పటినుండి మాది యొకటే క్రమము: మొదట పెట్టె వెనుకటి యతుకు, పిదప తీగ, కడపట గడ. ఒకమారు ఒక్కటియే మార్చుదుము. రెండు మార్చినపుడు బాగుపడెనేని దోషమెందున్నదో తెలియకపోవును.

గడను ముట్టుటకు ముందు కరెంటు తీగ యెంత దూరముననున్నదో చూడవలెను. గడ యే వైపునకు ఒరిగినను ఆ తీగను తాకరాదు. తాకునంత దగ్గరనున్నచో ఆ పని మానవలెను. ఉరుము వినబడినచో వెంటనే దిగిరావలెను. సినిమా పోయిన పోనిండు.

2022 నాటికి మన దేశమున ఆ పాత రీతి ప్రసారములు కొద్ది తావుల దప్ప నిలిచిపోయినవి. అమెరికాలో మాత్రము 2009లో పెద్ద కేంద్రములన్నియు డిజిటల్ పద్ధతికి మారిన పిదప గూడ, యాంటెన్నాతో ఉచితముగా చూచువారు కలరు. ఈ పద్ధతిలో చుక్కలు లేవు, నీడలు లేవు. బొమ్మ యద్దమువలె నుండి, బలము ఒక హద్దు దిగగానే ముక్కలై యాగిపోవును. రోగి నోరు మెదపడన్నమాట! అందుచే పెట్టెలో బలమును జూపు అంకెను చూచుచు యాంటెన్నాను త్రిప్పి, పిదప ఛానళ్లను మరల వెదకింపవలెను.

అచట చదువుకొనుచున్న మా మేనల్లు డొకనాడు ఫోను చేసి, "మామయ్యా, కిటికీలో పెట్టినా బొమ్మ ముక్కలుముక్కలవుతోంది" అనెను. "అంకె ఎంతుందిరా?" అని యడిగితిమి. కొంతసేపు వెదకి చెప్పెను. యాంటెన్నాను త్రిప్పవద్దని చెప్పి, ముందు పెట్టె వెనుకటి మరను చేతితో పట్టి చూడుమంటిమి. అది సగము చుట్టు వదులై యుండెను.