బజారుకు చేతిసంచి, ఇంటికి ఆరోగ్యం

ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉంటే మిగతావారికి రోజంతా తిరుగుడే. ఉదయం టీ, ఇడ్లీ, తరువాత పండ్లు, కొబ్బరినీళ్లు, సాయంత్రం పాలు, రొట్టె. ప్రతిదీ ఒక కవరులో వస్తుంది. రాత్రికి మంచం కింద ఎన్ని కవర్లు పోగయ్యాయో ఒకసారి లెక్కపెట్టండి. ఇంటికి వెళ్లాక కిరాణా, కూరగాయలతో ఇదే లెక్క కొనసాగుతుంది. ఈ కవర్లకూ మన జబ్బులకూ ఉన్న సంబంధం ఏమిటో తెలుసుకుందాం.

కవర్ల వలన కలిగే హాని

1. దోమలు: డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. పెరట్లో పారేసిన కవరు మడతలో నిలిచిన కాస్త వాననీరు దానికి చాలు. వారం, పది రోజులలో గుడ్డు దోమ అవుతుంది. ఇది పగటిపూట కుడుతుంది.

2. మురుగు: కవర్లు కాలువలకు అడ్డుపడితే మురుగునీరు వీధిలోకి వస్తుంది. అది తాగునీటిలో కలిస్తే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వస్తాయి. 2005 జూలై 26న ముంబయిలో కుండపోత వాన పడినప్పుడు నీరు పోకపోవడానికి కాలువల్లో పేరుకున్న కవర్లు కూడా ఒక కారణం. ఆ వరద తరువాత అక్కడ ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం వ్యాపించింది.

3. పొగ: చెత్తతోపాటు కవర్లను కాలిస్తే విషవాయువులు వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, గర్భిణులకు ఈ పొగ మరీ హానికరం.

4. వేడి పదార్థాలు: వేడి టీ, సాంబారు పలుచని కవరులో పోయిస్తే ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి దిగే అవకాశం ఉంది. రోగికి అలాంటివి పెట్టకండి.

5. పసిబిడ్డలు, పశువులు: పలుచని కవరు బిడ్డ ముఖానికి అంటుకుంటే ఊపిరాడదు. పారేసిన అన్నంతోపాటు కవరును మింగిన ఆవు కడుపులో అది అరగదు, బయటకూ రాదు.

చట్టం ఏమి చెబుతోంది?

మన దేశంలో 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ క్యారీబ్యాగులను 2022 డిసెంబరు 31 నుండి నిషేధించారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. కాబట్టి కొట్టులో “ఊరికే” ఇచ్చే పలుచని కవరు ఇవ్వడమే తప్పు. “వద్దండీ, సంచి తెచ్చాను” అని మీరే ముందు చెప్పండి.

ఏ సంచి మంచిది?

కొత్తది కొనవలసిన పని లేదు. కొత్త గుడ్డ తయారీకి కూడా పత్తి, నీరు ఎంతో ఖర్చవుతాయి. పాత ప్యాంటు, దుప్పటి, నేతచీరతో కుట్టించుకొని చిరిగేదాకా వాడండి. బట్టలకొట్లలో ఇచ్చే, గుడ్డలా కనిపించే నాన్ వోవెన్ సంచులు చాలావరకు ప్లాస్టిక్ పోగులతో చేసినవే. ఇంట్లో ఉంటే పారేయకుండా మళ్లీ మళ్లీ వాడండి, కొత్తవి తీసుకోకండి.

సంచి శుభ్రత

• మాంసం, చేపలకు వేరే మూతడబ్బా తీసుకువెళ్లండి. వాటి రసం కూరగాయలకు, పండ్లకు తగిలితే క్రిములు అంటుకుంటాయి.
• గుడ్డ సంచిని వారానికోసారి సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయండి. తడి సంచిని మడిచి పెట్టకండి.
• ఆసుపత్రిలో బట్టలు ఉంచిన సంచిని ఉతకకుండా కూరగాయలకు వాడకండి.

మరచిపోకుండా ఉండాలంటే

ఒక సంచి తలుపు పక్కన మేకుకు, ఒకటి బండి డిక్కీలో, చిన్నది మడిచి చేతిబ్యాగులో ఉంచండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఫ్లాస్కు, స్టీలు క్యాను, టిఫిను డబ్బా తెచ్చుకోండి. పాత కవర్లు ఉంటే కాల్చకుండా, పొడి చెత్తలో వేయండి.

ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి

1. నిన్న మన ఇంటికి ఎన్ని కవర్లు వచ్చాయి? వాటిలో ఏవి లేకుండా గడిచేది?
2. మన పెరట్లో, మేడమీద నీరు నిలిచే కవర్లు, డబ్బాలు ఉన్నాయా?
3. బజారుకు వెళ్లేవారికి సంచి గుర్తుచేసే పని ఎవరిది?

మూడవ ప్రశ్నకు ఇంట్లో ఒక పిల్లవాడి పేరో, పాప పేరో రాసుకోండి. పెద్దలు మరచినా వారు మరచిపోరు.