తాండూరులో తెల్లవారుజాము, న్యూయార్క్‌లో సాయంకాలం

న్యూయార్క్‌లో సాయంత్రం ఏడున్నర అయితే మనకు తెల్లవారుజామున ఐదు. చలికాలంలో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు కనుక ఆరు. జాజ్‌ను లైవ్‌లో వినాలనుకునే తాండూరు, వికారాబాద్ మిత్రులకు నేను మొదట చెప్పే లెక్క ఇదే. నాపరాయి మిషన్ల మోతా, బజారు సందడీ మొదలుకాకముందే అక్కడి కచేరీ మన చెవిదాకా వస్తుంది.

2020 మార్చిలో కరోనా వల్ల అక్కడి క్లబ్బులు మూతపడ్డప్పుడు, ఎమ్మెట్ కోహెన్ అనే యువ పియానో కళాకారుడు హార్లెమ్‌లోని తన ఇంటి నుంచే కచేరీలు ప్రసారం చేయడం మొదలుపెట్టాడు. యూట్యూబ్‌లో ‘లైవ్ ఫ్రమ్ ఎమ్మెట్స్ ప్లేస్’ అని వెతికితే అవి దొరుకుతాయి. 1994లో ఓ నేలమాళిగలో మొదలైన స్మాల్స్ క్లబ్బు కూడా తన వేదికను ఇంటర్నెట్‌లోకి తెచ్చింది. వీడియోకు డేటా చాలకపోతే న్యూ ఆర్లీన్స్ రేడియో డబ్ల్యూడబ్ల్యూఓజెడ్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు.

కొత్తవాళ్లకు మాత్రం నేను పాలకొల్లు నుంచి దారి చూపిస్తాను. అక్కడ 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జాజ్ కళాకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్‌తో, జాకిర్ హుస్సేన్ తబలాతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. ఆ వీడియోల్లో శ్రీనివాస్ ముఖం చూడండి. మెక్‌లాఫ్లిన్ వాయిస్తున్నంతసేపూ కళ్లు ఆయన వేళ్ల మీదే. తన వంతు రాగానే ఎదుటివాడు వదిలిన చోటునే పట్టుకుంటారు. ముందుగా సిద్ధం చేసుకున్న జవాబు కాదది, విన్నాక పుట్టిన జవాబు. మన సంగీతంలో మనోధర్మం అనేది దీన్నే. పల్లవి విడిచి కల్పనలోకి వెళ్లి మళ్లీ పల్లవికి చేరినట్టే, జాజ్‌లోనూ మొదట బాణీ వినిపించి, ఒక్కొక్కరూ దాన్ని తమదిగా అల్లి, చివరికి బాణీకే తిరిగొస్తారు. చాలా పాటలు 32 బార్లకు (బార్ అంటే లయలో ఒక చిన్న కొలత), బ్లూస్ అయితే తరచు 12 బార్లకు ఒక చుట్టు తిరుగుతాయి. ఆ చుట్టు చెవికి అందిందా, గందరగోళం అనిపించింది కాస్తా సంభాషణ అవుతుంది.

రైల్లో తాండూరు నుంచి వికారాబాద్ వచ్చేలోపు ఫోన్‌లో ఎన్ని పాటలు సగంలో మార్చేస్తామో ఒకసారి గమనించండి. మనుషులతోనూ అంతే. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే మన జవాబు నోటిదాకా వచ్చేస్తుంది. లైవ్ కచేరీని ముందుకు జరపలేం. నచ్చని సోలో అయినా ఆగి వినాలి, ఆ తర్వాతే డ్రమ్మర్ దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాడో తెలుస్తుంది. వినడమంటే ఊరుకోవడమని అనుకునేవాణ్ని. కాదు, అది చేతినిండా పని. ఆ ఓపిక చెవికి అలవాటైతే ఇంట్లో మాటల దగ్గరా పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

రేపు తెల్లవారుజామున ఒక కచేరీ పెట్టుకోండి. సాక్సఫోన్ మీ చెవిని లాగేస్తుంది, లాగనివ్వకండి. వెనక నిలబడి అందరినీ మోస్తున్న ఆ నిలువెత్తు బేస్ వాయిద్యం ఒక్కదాన్నే చివరిదాకా వినండి.